కార్డులో పేర్లు తీయించుకుంటే వేరుపడ్డట్టేనా?

ఉమ్మడి నల్గొండ జిల్లాకు చెందిన ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు, ఆసుపత్రి వివరాలు బయటపెట్టవద్దని కోరారు కనుక విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను. ఆమె, భర్త, ఇద్దరు పిల్లలు హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నారు. భర్తకు ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, నెలకు డెబ్బై వేల దాకా జీతం. అత్తమ్మ, మామయ్య, మరిది కుటుంబం ఊళ్లోనే ఉంటారు. వాళ్లకు రెండెకరాల మెట్ట పొలం ఉంది, మరిది ట్రాలీ ఆటో నడుపుతాడు. మామయ్యకు 69 ఏళ్లు. షుగరు వల్ల రెండు కిడ్నీలూ పాడై, రెండేళ్లుగా వారానికి మూడుసార్లు దగ్గరి పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ చేయించుకుంటున్నారు. చికిత్సకు ఆధారమైన రేషన్ కార్డులో అత్తమామలు, మరిది కుటుంబంతో పాటు హైదరాబాద్‌లో ఉన్న ఈ నలుగురి పేర్లు కూడా ఇప్పటికీ ఉన్నాయి.

చిక్కులు రెండు. అనర్హుల కార్డులను ఏరివేస్తున్నారని ఊళ్లో వినిపించడంతో, తన భర్త జీతం కారణంగా మొత్తం కార్డే రద్దయితే మామయ్య డయాలసిస్ ఆగిపోతుందని ఈమె భయపడుతున్నారు. తమ పేర్లు తీయించుకుందామని అంటే, భర్త ఎవరూ చూడరులే అని దాటవేశారు. అత్తమ్మ మాత్రం పెద్దకొడుకు వేరుపడుతున్నాడని రెండు రోజులు అన్నం ముట్టలేదు. తోటికోడలు, ‘అక్కకు డబ్బు దగ్గర లెక్క ఎక్కువ’ అన్న మాట చెవిన పడింది. రెండో చిక్కు ఆసుపత్రిది. ప్రభుత్వం నుంచి బిల్లులు రావడం లేదంటూ కొన్ని నెలలుగా ఫిల్టరుకు, ఇంజెక్షన్‌కు కలిపి ప్రతిసారీ ఆరు వందలు అడుగుతున్నారు. భర్త ఎవరికీ చెప్పకుండా అక్కడి ఉద్యోగి ఫోన్ నంబరుకు ఆ డబ్బు పంపుతున్నారు. మామయ్యతో పాటు అదే షిఫ్టులో డయాలసిస్ చేయించుకునే ఒక కూలీ మనిషి ఆ డబ్బు పెట్టలేక వారానికి రెండుసార్లే వస్తోందని, ఈమధ్య ఆమె కాళ్లు బాగా వాచాయని తెలిసినప్పటి నుంచి తనకు నిద్ర పట్టడం లేదని ఈ పాఠకురాలు రాశారు. పేర్లు తీయించుకోవాలా, ఆసుపత్రి మీద ఫిర్యాదు చేయాలా, లేక ఈ గొడవంతా వదిలేసి ప్రైవేటు బీమా తీసుకోవాలా అన్నవి ఆమె ప్రశ్నలు.

మీరు అడిగినవి మూడు ప్రశ్నలైనా వాటన్నిటికీ ఒక షరతు ఉంది. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా మామయ్యగారి డయాలసిస్ ఒక్క రోజు కూడా తప్పకూడదు. నాలుగు గంటలు ఆ మిషన్ మీద ఉంటే తప్ప ఒంట్లో చేరిన నీరు, పొటాషియం బయటికి పోవు. వాయిదా పడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, గుండె లయ తప్పడం వంటి ప్రమాదాలు ముంచుకురావచ్చు. అందుకే నేను ఏ పని చేయమన్నా, దానికి ముందు ఏ ఏర్పాటు చేసుకోవాలో కూడా చెబుతాను. ఆ వరుస మాత్రం మార్చవద్దు.

ముందుగా కార్డు సంగతి. తెలంగాణలో రేషన్ కార్డుకు, అంటే ఆహార భద్రత కార్డుకు, పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయల ఆదాయ పరిమితి ఉంది. భూమి విషయంలో మూడున్నర ఎకరాల మాగాణి లేదా ఏడున్నర ఎకరాల మెట్ట దాటకూడదు. రెండెకరాల మెట్ట, ట్రాలీ ఆటో మీద బతికే మీ అత్తమామల ఇల్లు ఆ హద్దుల్లోనే ఉండే అవకాశం ఎక్కువ. మరిదిగారి రాబడి పరిమితికి దగ్గరగా ఉందేమో మాత్రం ముందే నిజాయతీగా లెక్క చూసుకోండి. ఏడాదికి ఎనిమిది లక్షలు దాటే మీ భర్త జీతం ఆ హద్దులకు చాలా దూరంలో ఉంది. అంటే ప్రస్తుతం ఒకే కార్డులో అర్హత ఉన్న ఇల్లు ఒకటి, లేని ఇల్లు ఒకటి కలిసి ఉన్నాయి. ఊరు వేరు, వంట వేరు, ఖర్చు వేరు. కాగితం మీద మాత్రం ఒకే కుటుంబం. మీరు పేర్లు తీయించుకోవడమంటే అబద్ధం సృష్టించడం కాదు, ఉన్న నిజాన్ని కాగితం మీదికి తేవడం. బాగా సంపాదించే కొడుకు అదే ఇంట్లో తల్లిదండ్రులతో ఉంటూ కార్డు కోసం వేరుగా ఉన్నట్టు రాయించుకుంటే నా సమాధానం వేరుగా ఉండేది.

ఈ పరిమితుల గురించి నా అభిప్రాయం దాచుకోను. నెలకు పన్నెండున్నర వేలు దాటిన పల్లె కుటుంబం పెద్ద రోగానికి సొంతంగా ఖర్చు పెట్టుకోగలదని అనుకోవడం అన్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆరోగ్యశ్రీకి ఆదాయ పరిమితిని ఏడాదికి ఐదు లక్షలకు పెంచి, బియ్యం కార్డుకూ వైద్యం కార్డుకూ ఉన్న ముడిని సడలించారు. తెలంగాణలోనూ అలాంటి మార్పు కావాలని అడగడం న్యాయమే. అయితే ఆ మార్పు వచ్చినా మీ నలుగురికీ అది వర్తించదు. హద్దుకు అటూ ఇటూ ఊగిసలాడే కుటుంబాల కష్టాన్ని చూపించి మీ పేర్లు కార్డులో ఉంచుకోవడం సరికాదని మీకూ తెలుసు, అందుకే ఉత్తరం రాశారు.

ఇప్పుడున్నట్టే వదిలేస్తే ఏమవుతుంది? మీ భర్త అన్నట్టు ఏళ్ల తరబడి ఎవరూ చూడకపోవచ్చు. కానీ ఆధార్‌తో ముడిపడిన వివరాల ద్వారా గానీ, ఇంటింటి విచారణలో గానీ ఆయన జీతం బయటపడిన రోజున చర్య మీ నలుగురి మీదే ఆగుతుందన్న భరోసా లేదు, మొత్తం కార్డే నిలిచిపోవచ్చు. అప్పుడు మళ్లీ దరఖాస్తు, విచారణ, తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరుగుడు. వారానికి మూడుసార్లు మిషన్ మీద పడుకోవలసిన మనిషికి ఆ ఆలస్యం తట్టుకునే వీలుండదు. పైగా మీ నలుగురి పేర్లు కార్డులో ఉన్నందువల్ల మామయ్యగారికి అదనంగా దక్కేది ఏమీ లేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పది లక్షల దాకా ఉన్న వైద్య పరిమితి, మీరు లేకపోయినా ఆ కార్డుకు అలాగే ఉంటుంది.

తీయించుకుంటే మీ నలుగురికీ ఆరోగ్యశ్రీ పోతుంది. ఇది చిన్న నష్టమేమీ కాదు, మీ పిల్లలకు రేపు ఏదైనా పెద్ద జబ్బు వస్తే దాని అవసరం మీకు తెలిసొస్తుంది. కాబట్టి పేర్లు తీయించుకునే ముందే మీ నలుగురికీ ఆరోగ్య బీమా తీసుకోండి. కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా ఉద్యోగంతో పాటే పోతుంది గనుక దాని మీదే ఆధారపడకుండా, మీ ఇద్దరికీ ఏ జబ్బూ లేని ఈ వయసులోనే సొంత పాలసీ కూడా ఉండటం మేలు. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద అంతకుముందు ఉన్న 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు కాబట్టి ఆ భారం కొంత తగ్గింది కూడా.

మీ సేవ కేంద్రంలో పేర్ల తొలగింపుకు దరఖాస్తు పెట్టే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ రోగులకు సాయంగా ఉండే ఉద్యోగి, అంటే ఆరోగ్యమిత్రను కలిసి, మామయ్యగారి డయాలసిస్‌కు ఇప్పుడున్న అనుమతి ఎప్పటి వరకు ఉందో, కార్డు వివరాలు మారుతున్న రోజుల్లో కొత్త అనుమతికి ఇబ్బంది వస్తుందో లేదో అడగండి. అనుమతి కొత్తగా తీసుకున్న వెంటనే దరఖాస్తు పెడితే మీకు కొంత వ్యవధి దొరుకుతుంది. పాత కార్డు ప్రతి, దరఖాస్తు రసీదు, మామయ్యగారి ఆధార్, ఆసుపత్రి పుస్తకం అన్నీ మరిదిగారి ఫోనులో కూడా ఫొటోలుగా ఉండాలి. విచారణకు వచ్చిన అధికారి అడిగితే మీ భర్త ఊరికి నెలనెలా ఎంత పంపుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. కొడుకు మందులకు డబ్బు పంపినంత మాత్రాన ఆ ఇల్లు సంపన్నుల ఇల్లు అయిపోదు.

ఇక అత్తమ్మగారి మాట. కార్డులోంచి పేరు తీసేయడాన్ని వేరుపడటంగా చూడటం ఆవిడ అమాయకత్వం అని నేను అనుకోవడం లేదు. మన పల్లెల్లో అన్నదమ్ములు వేరుపడితే మొట్టమొదట చేసేది రేషన్ కార్డు వేరు చేసుకోవడమే. ఆ తర్వాత పొలం గట్లు, ఆ తర్వాత తల్లిదండ్రుల వంతులు. ఆవిడ ఎన్నో ఇళ్లలో ఆ వరుస చూసి ఉంటారు. కాబట్టి ఆవిడ భయమల్లా కార్డు తర్వాత ఏమి రాబోతోందన్నదే అయి ఉండాలి. ఆ భయానికి వాదనతో కాక ఏర్పాటుతో జవాబు చెప్పాలి. ఆ మాట చెప్పవలసింది మీ భర్త, మీరు కాదు. ఫోనులో చెబితే సరిపోదు. ఊరికి వెళ్లి, తమ్ముడినీ మరదలినీ కూర్చోబెట్టుకుని, నెలకు ఇంత పంపుతాను, ఆటో ఖర్చూ ఆరోగ్యశ్రీలోకి రాని పరీక్షల ఖర్చూ నాది, నెలలో ఒక డయాలసిస్‌కు నేనే నాన్నను తీసుకెళతాను అని అందరి ముందూ చెప్పాలి. రేషన్ కార్డు ఆస్తి హక్కుకు ఆధారం కాదని, అందులో పేరు ఉన్నా లేకపోయినా పొలంలో ఎవరి వాటా వారికే ఉంటుందని కూడా అదే కూర్చోవడంలో తేల్చి చెబితే, తోటికోడలి మనసులో ఏదైనా అనుమానం ఉన్నా తీరుతుంది. మీరు పక్కన ఉండండి గానీ లెక్కలు మీ నోట రానివ్వకండి. మీరు చేసింది తప్పని కాదు. కోడలి నోట వచ్చిన న్యాయమైన లెక్క కూడా మన ఇళ్లలో పిసినారితనంగానే వినబడుతుందని మీరే అనుభవించారు. మామయ్యగారికి తెలియకుండా ఇదంతా చేయవద్దు. ఆయన కార్డు అది, ఆయన ఒళ్లు అది. అందరికంటే తేలిగ్గా ఒప్పుకునేది ఆయనే కావచ్చు.

ఆసుపత్రి అడుగుతున్న ఆరు వందల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది అదే. నెలకు పదమూడు డయాలసిస్‌లు అనుకుంటే ఏడు వేల ఎనిమిది వందలు. మీ భర్త ఆ డబ్బు తండ్రి మీద ప్రేమతోనే కడుతున్నారు, అందులో సందేహం లేదు. అయితే ఫిల్టరు లేకుండా డయాలసిస్ లేదు. ఆరోగ్యశ్రీ ట్రస్టు ఆసుపత్రికి చెల్లించే ప్యాకేజీ మొత్తం ఆ చికిత్స కోసమే. ఒప్పందం ప్రకారం నెట్‌వర్క్ ఆసుపత్రి, అంటే పథకంలో చేరిన ఆసుపత్రి, ఆ ప్యాకేజీలోని దేనికీ రోగి నుంచి డబ్బు తీసుకోకూడదు. రక్తం పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ ప్యాకేజీలో ఉందో లేదో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. లేకపోతే ఆ మేరకు మాత్రం బిల్లుతో, రసీదుతో కట్టండి. ఇప్పుడు జరుగుతున్నది మాత్రం ఒకే డయాలసిస్‌కు ట్రస్టుకు బిల్లు పెట్టి, రోగి నుంచీ వసూలు చేయడం. ఆ డబ్బు ఆసుపత్రి ఖాతాకు కాక ఒక ఉద్యోగి సొంత నంబరుకు వెళుతోందంటే, అది పుస్తకాల్లో కనిపించకూడదని వాళ్లే అనుకుంటున్నారన్న మాట.

ఆసుపత్రులు చెప్పే బకాయిల మాట అబద్ధం కాదు. 2025 సెప్టెంబరులో తెలంగాణలోనూ, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు నిలిపేసిన సంగతి అందరికీ తెలిసిందే. నర్సుల జీతాలకు, మందుల కంపెనీలకు చెల్లించవలసిన చిన్న ఆసుపత్రికి నెలల తరబడి డబ్బు రాకపోతే నడపడం కష్టమే. పరిమితిని లక్షల్లో పెంచామని ప్రకటించే ప్రభుత్వాలు, పెట్టిన బిల్లులను సమయానికి చెల్లించకపోతే ఆ పెంపు వల్ల రోగికి ఒరిగేది లేదు. పథకాన్ని రద్దు చేశామని ఎవరూ చెప్పనక్కరలేదు. చెల్లింపులు ఆలస్యం చేస్తూ పోతే ఆసుపత్రులు ఒక్కొక్కటే వెనక్కి తగ్గుతాయి, మిగిలినవి రోగుల జేబులు తడుముతాయి, కార్డు చేతిలో ఉన్నా వైద్యం అందదు. అయినా ఆసుపత్రికి ప్రభుత్వంతో ఉన్న పేచీని మంచం మీద ఉన్న మనిషి మీదికి మళ్లించడానికి వీల్లేదు. కట్టగలిగిన మీలాంటి కుటుంబాలు గుట్టుగా కట్టేస్తున్నంత కాలం ఆ వసూలు మామూలు రేటుగా స్థిరపడిపోతుంది. కట్టలేని ఆ కూలీ మనిషి వారానికి ఒక డయాలసిస్ మానుకుంటుంది. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదేనని మీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది.

ఇక్కడ మీ ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది ఇప్పటిలాగే కడుతూ పోవడం. మామయ్యగారి చికిత్సకు ఇవాళ ఏ ఆటంకమూ రాదు. ఆరు వందలు రేపు ఎనిమిది వందలైనా అడిగేవారుండరు, మీ భర్త ఉద్యోగానికి ఏదైనా జరిగిన నెలలో మీరూ ఆ కూలీ మనిషి పరిస్థితిలోనే ఉంటారు.

రెండోది ప్రభుత్వ ఆసుపత్రికి మారడం. తెలంగాణలో జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో చాలా చోట్ల డయాలసిస్ కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ ఉచితమే. ఒకసారి వాడి పారేసే ఫిల్టర్ల పద్ధతిని కూడా ప్రభుత్వ కేంద్రాల్లో తెచ్చారు. సర్కారు దవాఖాన అనగానే ఇంట్లో వాళ్లు ముఖం చిట్లించవచ్చు. కానీ వెళ్లి చూడకుండా వద్దనుకోకండి, అక్కడ చేయించుకుంటున్న రోగులతోనే మాట్లాడండి. ఇబ్బంది ఏమిటంటే మిషన్లు తక్కువ, రోగులు ఎక్కువ. షిఫ్టులో ఖాళీ వచ్చే దాకా పేరు రాయించుకుని ఎదురుచూడవలసి రావచ్చు, దొరికిన షిఫ్టు తెల్లవారుజామునో రాత్రో కావచ్చు. అయినా ఇవాళే పేరు రాయించండి. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షల తాజా రిపోర్టులు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు), చేతికి ఫిస్టులా (సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపే ఆపరేషన్) ఎప్పుడు వేశారు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎంత ఇస్తున్నారు అన్న వివరాలున్న కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఈ వైరస్‌లు ఉన్నవారికి వేరే మిషన్లు కేటాయిస్తారు కనుక రిపోర్టు లేకుండా ఎక్కడా చేర్చుకోరు. వెంటనే మారినా మారకపోయినా ఈ ఏర్పాటు మీకు ధైర్యం ఇస్తుంది. ‘మిషన్ ఖాళీ లేదు, వేరే చోట చూసుకోండి’ అన్న బెదిరింపు అప్పుడు పనిచేయదు.

మూడోది అడగడం, అవసరమైతే ఫిర్యాదు చేయడం. దీన్ని ఒక్కసారిగా కాక మెట్టు మెట్టుగా చేయవచ్చు. ఈసారి డబ్బు అడిగినప్పుడు గొడవ పడకుండా, ఆసుపత్రి పేరు మీద బిల్లు ఇమ్మని, అందులో దేనికి ఎంతో రాయమని మీ భర్తను అడగమనండి. రాతపూర్వకంగా ఇవ్వలేని వసూలు చాలాసార్లు ఆ అడగడంతోనే ఆగిపోతుంది. ఆగకపోతే ఆరోగ్యమిత్రకు చెప్పండి. ఆ మిత్ర పనిచేసేది ట్రస్టు తరఫున, ఆసుపత్రి తరఫున కాదు. అక్కడా పని జరగకపోతే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, జిల్లాలో ఆరోగ్యశ్రీ బాధ్యతలు చూసే కోఆర్డినేటర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ పెట్టండి. ఇంతకాలం ఫోనులో పంపిన డబ్బు వివరాలు మీ దగ్గరే ఉన్నాయి. తేదీల వారీగా వాటిని డయాలసిస్ పుస్తకంలోని తేదీల పక్కన పెట్టి ఒక కాగితం తయారు చేస్తే అంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు. మామయ్యగారి పేరు మీద సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టవచ్చు. తన కార్డు మీద ఏ తేదీన ఎన్ని డయాలసిస్‌లకు ఆ ఆసుపత్రి బిల్లు పెట్టింది, ట్రస్టు ఎంత చెల్లించింది అని ఆయన అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ దరఖాస్తు రుసుము కూడా ఉండదు. బకాయిల మాట ఎంతవరకు నిజమో కూడా ఆ జవాబులో కొంత తేలుతుంది.

ఈ దారిలో ప్రమాదం లేదని చెప్పను. సూదులు గుచ్చేది, మిషన్ నడిపేది వాళ్లే కదా, కోపం మామయ్య మీద చూపిస్తే ఎలా అన్న మీ భర్త భయం సహేతుకమైనదే. అందుకే మరోచోట పేరు రాయించిన తర్వాతే రాతపూర్వక ఫిర్యాదుకు వెళ్లమంటున్నాను. అందుకే ఒంటరిగా వెళ్లవద్దని కూడా అంటున్నాను. వారానికి మూడు రోజులు ఒకే గదిలో పక్కపక్కన పడుకునే ఆ షిఫ్టు మనుషుల కుటుంబాలన్నీ ఒకరికొకరు తెలిసే ఉంటాయి. ఐదారు కుటుంబాలు ఒకే అర్జీ మీద సంతకం పెడితే ఫలానా వాళ్లు ఫిర్యాదు చేశారని వేలెత్తి చూపడానికి ఉండదు. ఆ అర్జీ రాయగలిగిన చదువు, హైదరాబాద్‌లో పనులు చక్కబెట్టుకున్న అనుభవం మీకు ఉన్నాయి. ఆ కూలీ మనిషికి అవి లేవు. అర్జీలో ఆమె పేరు పెట్టే ముందు ఆమె ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోయినా, కాళ్ల వాపు సంగతి డాక్టరుకు చెప్పి మూడో డయాలసిస్ మళ్లీ మొదలుపెట్టించమని, ప్రభుత్వ కేంద్రంలో పేరు రాయించుకోమని ఆమె ఇంట్లో వాళ్లకు ఈ వారమే చెప్పండి. ఇది అర్జీ కోసం ఆగే విషయం కాదు.

ప్రైవేటు బీమా గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. 65 ఏళ్ల లోపు వారికి పాలసీ ఇస్తే చాలన్న వయసు పరిమితి 2024లో తొలగింది గానీ, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ పెట్టే వీలు కంపెనీలకు ఉంది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి పాలసీ దొరకడమే కష్టం. మీ భర్త కంపెనీ గ్రూపు బీమాలో తల్లిదండ్రులను చేర్చే వీలుంటే అడిగి చూడండి. కొన్నింటిలో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, కానీ ప్రీమియం, రోగి భరించవలసిన వాటా, ఏడాది పరిమితి మూడూ చూడాలి. ఏడాదికి 150కి పైగా డయాలసిస్‌లు అవసరమైన చోట చిన్న పరిమితి కొన్ని నెలల్లోనే కరిగిపోతుంది. మామయ్యగారికి 70 నిండగానే ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి ఐదు లక్షల దాకా వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌తో నమోదు చేయించండి. 2024 అక్టోబరు 29న మొదలైన ఏర్పాటు అది. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇవన్నీ ఆరోగ్యశ్రీకి తోడుగా ఉండవలసినవి. దాన్ని వదిలేసి వీటి మీద ఆధారపడితే మామయ్యగారికి నష్టం.

వదిలేయవద్దని అనడానికి మరో కారణం కూడా ఉంది. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యే దాకా, గుండెకో కిడ్నీకో జబ్బు చేసిన పేదవాడు ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని ముఖ్యమంత్రి సహాయనిధి కోసం తిరగవలసి వచ్చేది. ఉత్తరం సంపాదించగలిగినవాడికి చికిత్స అందేది, లేనివాడికి లేదు. కార్డు చూపించి నేరుగా ఆసుపత్రిలో చేరే ఏర్పాటు వచ్చాక ఆ దేహీ అనడం తప్పింది. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి, ఆ ఏర్పాటు మాత్రం నిలిచింది. ప్రజలు దాన్ని తమ హక్కుగా అడుగుతూ వచ్చినందువల్లే అది నిలిచిందని నేను నమ్ముతాను. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి సకాలంలో వైద్యం అందించడం ప్రభుత్వ బాధ్యత అని, అది అందకపోవడం జీవించే హక్కుకు భంగమని సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో చెప్పింది. అర్హత లేని చోట పేర్లు తీయించుకోవడం, అర్హత ఉన్న చోట అక్రమ వసూలును నిలదీయడం మీకు రెండు వేర్వేరు పనులుగా కనిపిస్తున్నాయి గానీ, రెండూ ఆ పథకాన్ని నిలబెట్టేవే. మొదటి పని చేసినవారు రెండోది అడిగినప్పుడు, ‘మీ సంగతి ముందు చూసుకోండి’ అని ఎవరూ నోరు మూయించలేరు. అందుకని వీలైతే పేర్ల తొలగింపు దరఖాస్తు పెట్టాకే రాతపూర్వక ఫిర్యాదుకు వెళ్లండి. బిల్లు అడగడానికి, ప్రభుత్వ కేంద్రంలో పేరు రాయించడానికి మాత్రం ఆగనక్కరలేదు.

మీ భర్త ఒప్పుకోకపోతే ఏం చేయాలని చివర్లో అడిగారు. బలవంతపెట్టవద్దు, ఆయనకు తెలియకుండా దరఖాస్తు కూడా పెట్టవద్దు. అది మీ ఇద్దరి మధ్య కొత్త గాయం అవుతుంది. రానున్న డయాలసిస్ రోజున మామయ్యగారితో ఆయన్నే వెళ్లమనండి. డబ్బు ఫోనులో పంపి ఊరుకోకుండా ఆ నాలుగు గంటలూ ఆ గదిలో కూర్చోమనండి. ఆ షిఫ్టులో ఎవరు ఎంత కడుతున్నారో, ఎవరు మానేశారో ఆయనే అడిగి తెలుసుకోవాలి. ఆ తర్వాత కూడా ఆయన కట్టడమే మేలనుకుంటే, కనీసం ఆసుపత్రి ఖాతాకు, రసీదుతో కట్టమని అడగండి. ఆ ఒక్క మార్పుకైనా ఆయన ఒప్పుకుంటే, రేపు ఆ షిఫ్టులోని మరొకరు ఫిర్యాదు చేసినప్పుడు ఆ రసీదులు వాళ్లకు పనికొస్తాయి.